అమ్మ వీడు

దేవరకొండల బడే మాకు జైలు.
గోడ మీద ఎక్కాలు ఇంకా చెరిపెయ్యలె.
పదకొండు మందిమి, బాలింత ఈదమ్మతోటి.

మున్షీ కాగితం మీద గీతలు కొట్టిండు:
పేరు. మొగని పేరు. కులం.
ముత్తిలింగమ్మ అన్న.
మొగని పేరు?
అది నోట్లె పెట్టుకోవద్దు మా దిక్కు,
ఆయుష్షు తరుగుతది అన్న
కొంగు నోటికడ్డం పెట్టి.
మొన్నటిదాక నిక్కరేసుకొని
తుపాకి భుజాన మోసినదాన్ని
ఆ పొద్దు మాత్రం మంచి కోడలినైన.
ఒకరెనుక ఒకరం పదకొండు మందిమి
ఒక్క తీరుగ సిగ్గుపడ్డం.
మున్షీ లాఠీ తెమ్మన్నడు.
ఆ దెబ్బల సంగతి రాసుకోకు బిడ్డా,
వేరే చెప్త.

మూడోనాడు పహరాకు మలబారు జవాను వచ్చిండు.
కుంజిరామనట. మీసం సరిగ మొలవలె.
మూడు రాళ్లు పెట్టి తన గంజి తనే కాసుకున్నడు,
తన అంగీ తనే పిండుకున్నడు.
ఈదమ్మ నోరు తెరిచి చూసింది,
పదారేండ్ల కాపురంల
పొయ్యికాడ మొగోని ఈపు చూసిందే లేదామె.

మున్షీ లేంది చూసి కిటికీ కాడ కూసొని
"అమ్మ... వీడు?" అన్నడు.
వీడెవడే, అమ్మకు మొగుడా అని
ఫక్కున నవ్వినం, వాచిన దవడలతోటే.
వీడంటే వాళ్ల భాషల ఇల్లట.
చేతులు తిప్పుకుంట, వచ్చీరాని తెలుగుల చెప్పిండు:
వాళ్లింట్ల ఇంటిపేరు తల్లిదట,
ఇల్లు తల్లిదట, మడి తల్లిదట,
నాయిన చుట్టం లెక్క పొద్దుమీకి వచ్చి
తెల్లారి పోతుండెనట.
మళ్ల నా దిక్కే చూసి అడిగిండు:
మీ అమ్మ ఇల్లు ఏది?

ఎవలడిగిండ్రు ఆ మాట నన్ను?
తొమ్మిదేండ్లకు ఆ గడప దాటిన.
అత్త అడగలె, దొర అడగలె,
దళంల సుత అడగలె.
గొంతుదాక వచ్చింది బిడ్డా,
ఊరు, వాకిట్ల సీతాఫలం చెట్టు,
అంచు పగిలిన కుడితి గోలెం,
వరుసగ వచ్చి నాలిక మీద నిలబడ్డయి.

ఆ గోలెం కిందనే తుపాకులు.
ఆ అటుక మీదనే ఆయన,
కాల్ల తూటాతోటి.

తెలిసే అడిగిండో,
తన అమ్మ యాదికొచ్చి అడిగిండో
ఇయ్యాల్టికి తెల్వదు.
నాకు అమ్మ లేదు అన్న.
ఆ పిలగాడు ఏమనలె.
చిప్పల మిగిలిన గంజి
ఊసల సందుకెల్లి లోపలికి జరిపిండు.

మొగని పేరు చెప్పకుంటే
ఆయుష్షు పెరుగుతదంటరు గద,
ఆయన డెబ్బై ఏండ్లు బతికిండు.
లేదన్న అమ్మే
ఆ ఎండకాలం దాటలె.