అంగీ ఇప్పు

నాది హీటర్లు, కూలర్లు బాగుచేసే పని.
రెడ్‌హిల్స్ పిల్లల దవాఖానల
వెచ్చటి పెట్టెలకు తీగలు
నేనే రెండుసార్లు మార్చిన.
మూడో పెట్టెల ఇప్పుడు నా కొడుకు.
వెయ్యిన్నూటపది గ్రాములు:
కిలో చక్కెర పాకిటు, పైన ఒక పిడికెడు.

సలోమి పై వార్డుల ఉన్నది. రక్తం ఎక్కుతున్నది.
బయట వాన. లక్డీకాపూల్ దిక్కు నుంచి
ఏ అంబులెన్సుదో ఆగని కూత.

పోయిన నెల చిలకలగూడ చర్చిల
యోబయ్యగారిని అడిగిన:
"అన్నీ చేయగలిగినోడు గదా,
పైనుంచే ఒక్క మాట అంటే అయిపోవు.
దిగొచ్చుడెందుకు,
ఈ చెమటలకు, ఈ పంటినొప్పిలకు?"
అయ్యగారు అద్దాలు తుడుచుకొని
న్యాయమన్నడు, కృప అన్నడు, బాకీ అన్నడు.
తలకెక్కింది.
అక్కడి నుంచి కిందికి దిగలేదు.

రాత్రి రెండింటికి నఫీసా సిస్టర్ వచ్చింది.
"అంగీ ఇప్పు."
"పెట్టె మంచిగనే నడుస్తున్నది సిస్టర్,
ముప్పైయారు చూపిస్తున్నది..."
"పెట్టె పెట్టెనే. పిల్లగానికి మనిషి గావాలె.
ఇప్పు, జల్దీ."

టెస్టరు, స్క్రూలు, బిల్లుబుక్కు,
నాకొచ్చిన విద్య మొత్తం
స్టూలు మీద పెట్టి కూసున్న.
బల్లిపిల్లంత వాన్ని నా ఎదమీద బోర్లించి
ఒక్క గుడ్డల ఇద్దరినీ కట్టేసింది.
"తెల్లారెదాంక కదలొద్దు."

వీపు మీద దోమ. గోకరాదు.
దూప. లేవరాదు.
నా దగ్గు వానికి భూకంపం.
ఒక్కోసారి వాడు ఊపిరి మరిచిపోతడు,
నా ఎద లేస్తది,
గుర్తొచ్చినట్టు వాడూ లేపుతడు.

పైనుంచి ఎంత కేకేసినా
వానికింకా మాటనేదే ఎరుక లేదు.
వానికి ఆనుకొని ఊపిరి తీసే పెయ్యి గావాలె.
అలిసిపోయే పెయ్యి.
చల్లబడగల పెయ్యి.
చావు తెలవని వెచ్చదనం హీటర్లది,
అది నేను దుకాణంల అమ్ముత.

యోబయ్యగారూ, మీ లెక్క తప్పని అంటలేను.
కానీ మాట తోలు తొడుక్కున్నదంటే
గిందుకేనేమో.
తోలున్నంక మేకు దిగకుంట ఉంటదా?
అది తెలిసే తొడుక్కున్నడు.

నఫీసా సిస్టర్ నమ్మే దేవునికి పెయ్యి లేదు.
ఈ సంగతి ఆమెతోని అనలేదు.
నాంపల్లి దిక్కు నుంచి అజాన్ వినొస్తుంటే
థర్మామీటర్ చూసి, "ముప్పైయారున్నర. గిట్లనే ఉండు" అని
ఇంకో మంచం కాడికి పోయింది.

అప్పుడే వాడు
నా కడుపు మీద ఉచ్చ పోసిండు.
వెచ్చగ.
అంగీ ఇంక స్టూలు మీదనే ఉన్నది.