తాళం తీశాక

మారీ ఊరి చివర రేకుల షెడ్డులో
నోరీన్ బెలూచ్ బానెట్టు కింద సగం మునిగి ఉంది.
బయటికి తెలుస్తున్నవి రెండు బూట్లు, ఒక తిట్టు.
టార్చి పట్టుకునే పని నాది.
"వెలుగు నా చేతి మీద కాదురా డెస్మండ్, బోల్టు మీద!"

కరాచీ ఓడలో వచ్చిన ఆమె ముత్తాత
ఈ ఎడారి దారిన ఒంటెల మీద నీళ్ళు మోశాడు.
తర్వాత క్లారీ, ఈ లారీ మీద.
ఇప్పుడు ఆమె.
"ఒంటె ఒక్కటీ మరిగిపోలేదు" అంటుంది.
లారీయే,
వీపున ఎనిమిది వేల లీటర్లు పెట్టుకుని
గుక్కెడు నీళ్ళకు దారి మధ్యలో ఈలవేస్తూ కూలబడేది.
మోసేదేమో ఉప్పు బోరు నీళ్ళు.
రేడియేటరులో పోస్తే సన్నగొట్టాల నిండా సున్నం.
మూత మీద తడిగుడ్డ కప్పి
లారీ నీడలో కూర్చునేవాళ్ళం గంటసేపు,
నీళ్ళ మీదే దాహంతో తేలే పడవవాళ్ళలాగా.

జనవరి. నలభై ఆరు డిగ్రీలు.
ఇసుకదిబ్బ ఎక్కాలంటే రెండో గేరు.
ఇంజను మెల్లగా తిరిగితే పాత ఫ్యానూ మెల్లగానే,
బెల్టుతో కట్టేసిన బంటు కదా,
దొర పరిగెడితేనే తనూ పరిగెత్తేది.
జ్వరం పెరిగేకొద్దీ
విసనకర్ర పట్టిన చెయ్యి బరువెక్కేది.
చల్లటి రాత్రి, చదును రోడ్డు మీద మాత్రం
ఎవరూ అడక్కుండానే హోరెత్తిపోయేది.
"ఇలాంటి చుట్టాలు నాకు బోలెడుమంది"
అంది నోరీన్, స్పానరు తిప్పుతూ.

ఊడదీసింది.
ఏడు రెక్కలు. ఒకదాని అంచున
క్లారీ వెల్డింగు చేసిన నల్లటి మచ్చ.
ఆయన పోయి రెండేళ్ళు.
ఆ హోరు మలుపు తిరగ్గానే వీధి కుక్క లేచేది,
ఇంట్లో కెటిల్ పొయ్యెక్కేది.
దాన్ని గోడకు ఆనించింది.
తుక్కులో మాత్రం వెయ్యలేదు.

అడిలైడ్ అట్టపెట్టెలోంచి రెండు కరెంటు ఫ్యాన్లు,
రెండు పిడికిళ్ళంత నీళ్ళ పంపు.
పాత పంపు పొట్టలోంచి చక్రం తీసేసి
దాన్ని ఉత్త గొట్టంగా మిగిల్చింది.
మొదటి ఫ్యూజు టప్‌మంది.
రెండోది నిలిచింది గానీ వైరు వాసనేసింది.
లావు వైరు లాగి మళ్ళీ మొదటికి.
అర్ధరాత్రికి ఫ్యాన్లు తిరిగాయి.
జేబులోంచి ఒక రసీదు తీసి
(పన్నెండు ట్రిప్పులు, బాకీ)
రేడియేటరు ముందు పెట్టింది.
అంటుకోవాల్సిన కాగితం
ఎగిరి నా మొహానికి తగిలింది.
గాలి ఎదురు తిరుగుతోంది!
ఎంత నవ్విందంటే, టార్చి వణికింది నా చేతిలో.
రెండు వైర్లు అటూ ఇటూ మార్చింది.
ఈసారి బాకీ రసీదు
జాలీకి అతుక్కుని వదల్లేదు.

మర్నాడు నిండు టాంకుతో అదే దిబ్బ.
నేను ముల్లునే చూస్తున్నాను, నోరీన్ దారినే.
ఎనభై రెండు. ఎనభై ఆరు.
క్లిక్. ఫ్యాన్లు లేచాయి.
ఇంజను రొప్పుతూనే ఉంది,
ఫ్యాన్లకు దాని వేగంతో పనిలేదు,
వేడెంతో అంతే.
ముల్లు తొంభై దగ్గర ఆగి
వెనక్కి వాలింది, మనసు మార్చుకున్నట్టు.
"చూశావా?" అన్నాను.
"దారి చూసుకోనీ" అంది.

సాయంత్రం షెడ్డు ముందు ఇంజను ఆపింది.
తాళం తీసి జేబులో వేసుకుంది.
తాళం ఆగలేదు.
చచ్చిన ఇనుము లోపల
పంపు ఇంకా నీళ్ళు తిప్పుతోంది,
నిద్రపోయిన బిడ్డను ఇంకా జోకొడుతున్న చెయ్యిలా.
"పాడైందా?"
"లేదు. ఆపాక కూడా కాసేపు వేడి పెరుగుతుంది.
రెండు నిమిషాలు తిరగాలి."

నేను దిగబోయాను.
"ఉండు" అంది.
స్టీరింగు మీద చేతులు అలాగే,
గోడకు ఆనించిన ఏడు రెక్కల వైపు చూస్తూ.
కూర్చున్నాం ఇద్దరం
ఆ చిన్న గుర్రు ఆగేదాకా.

తలుపు చప్పుడుకు
వీధి కుక్క అప్పుడు లేచింది, ఆలస్యంగా,
మేం ఎప్పుడొచ్చామో అర్థంకాక
లారీ చుట్టూ రెండుసార్లు తిరిగింది.