తొక్కకుండా

కుంచనపల్లి కాలవ పక్కన పూడిక తీసి పోసిన మట్టి.
ఇటుక బట్టీ లారీ వచ్చేలోపు మాకు పదిహేను రోజులు.

మరియదాసు మామ పారతో చెక్కుతుంటే
మలుపు దగ్గర గట్టు గోడలా లేచింది.
"నీళ్ళు ఆగడానికి వేసేవాణ్ణి గట్లు,
ఇదేంట్రా, పిల్లలు ఆగకుండా ఉండటానికా!"
నవ్వి, తడిపి, చెప్పులు విప్పి
అరికాలితో అదిమాడు.

షకీలా సైకిలుకి చైను తీసేశాను.
సీటు కిందికి దించేశాను.
దిబ్బ ఎక్కేటప్పుడు తేలికవ్వాలి, దిగేటప్పుడు బరువవ్వాలి...
చెప్పడం వరకే నాకొచ్చు.
మొదటి వారమంతా మూడో దిబ్బ మీదే
చచ్చిపోయేది బండి.
మోచేతులకి పసుపు, మోకాళ్ళకి మట్టి.

మే నెల. సాయంత్రం ఆరైనా సెగ తగ్గని గాలి.
ఎవరూ చెప్పకుండానే కుదిరింది ఆ రోజు.
మోకాళ్ళు మడిచి, చాచి, మడిచి,
గట్టు మీద అడ్డంగా వాలి
ఒకటో చుట్టు, రెండో చుట్టు,
ఏడు దాకా లెక్కపెట్టి మర్చిపోయాను.

మర్నాడు లారీ వచ్చింది.
మామ డ్రైవరుకి బీడీ ఇచ్చి
అటు చివరి కుప్ప చూపించాడు:
"ముందు అది ఎత్తుకో.
ఇది ఇంకా ఆరలేదు."