పదిహేడో రోజు

బరామ్ నది పైపాయల దగ్గర
కంపెనీ రోడ్డుకు అడ్డంగా మూడు వెదురు బొంగులు.
అంతే మా కోట.

కోర్టు పటం అడిగింది.
జీపీఎస్ పట్టుకుని ఉబుంగ్ అవ్వ వెనకాలే నేను.
"ఇక్కడ మా చెల్లి పుట్టింది, రాసుకో.
ఇక్కడ పంది నన్ను పొడిచింది.
ఈ సాగో చెట్టు మా మామది.
పోయినవాళ్ల పేరు పలకం,
ఉత్త చెట్టని రాయి."

వీటికి గుర్తుల్లేవు నా దగ్గర.
చుక్కలు పెట్టుకుంటూ పోయాను.

వాళ్ల పటంలో మేమున్న చోట
'ఖాళీ' అని ఉంది.
తొమ్మిది మీటర్లకో ఆయిల్‌పామ్ మొక్క,
లెక్క తప్పకుండా, కొండ అవతలి దాకా.

పదిహేడో రోజు బుల్డోజర్ వచ్చింది.
నడిపేది జాలోంగ్,
బడిలో నా పక్క బెంచీవాడు.
ఇంజన్ ఆపాడు. దిగలేదు.
అవ్వ కర్రపెండలం వేయిస్తోంది.
ఆకులో పెట్టి పైకి అందించింది.

ఆ నూనె డబ్బా మీద ఏ కంపెనీ బొమ్మో
ముగ్గురికీ తెలుసు.
ఎవరమూ అటు చూడలేదు.

తిన్నాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.
"రేపు ఇంకొకణ్ణి పంపుతారవ్వా."

"అయితే ఇంకో దుంప తవ్వుకురా" అంది నాతో,
వదులైన ముడి
పళ్లతో బిగిస్తూ.