గూడవల్లి మీద ఎనిమిది వందల అడుగులు

ముందు దొరికింది సీటు.
ఆటోనగర్‌లో తుక్కు తూచే కాటా పక్కన
వానకి నాని ఎండకి పగిలి
స్పాంజి బయటికి కక్కుతున్న ఇండికా కారు సీటు.
కిలో లెక్కన ఇస్తానన్నాడు.
వద్దు, సీటు లెక్కనే ఇమ్మన్నాను.
ఇనుమని కొంటే ఇంటికొచ్చినా ఇనుములాగే కూర్చుంటుంది.

మూడొందల యాభై.
పాలవాడి బాకీకీ గ్యాసుబండకీ మధ్య
పద్దుల పుస్తకంలో రాసుకున్నాను.

నేను లారీ బాడీలకి వైరింగ్ చేస్తాను.
హారను, ఇండికేటరు,
దేవుడి పటం చుట్టూ పరిగెత్తే రంగు బల్బులు,
ఏ తీగ ఎక్కడ తేలుతుందో కళ్ళు మూసుకుని చెబుతాను.
విమానం మాత్రం ఎక్కలేదు.
గన్నవరం గోడ పక్కన స్కూటరాపి చూశాను,
పిల్లి గోళ్ళు దాచుకున్నంత సులువుగా
అది చక్రాలు దాచుకోవడం.

మేడమీద రేకుల గది. మే నెల.
ఫ్రిజ్ వచ్చిన చెక్కపెట్టె విప్పి డాష్‌బోర్డు కోశాను.
దాని మీద బాణం గుర్తు చెరపలేదు,
ఏది పైకో ఎవరో ఒకరు చెబుతుండాలి.
టిఫిన్ డబ్బా మూతలు గడియారాలయ్యాయి.
సొరుగు కింద జారే పట్టాలకి
పాత రేడియో వాల్యూమ్ ముక్క తగిలిస్తే
అదే థ్రాటిల్.
వేలెడంత బోర్డుకి నాలుగొందల ఎనభై అయింది.
పుస్తకంలో ‘మందులు’ అని రాశాను.
‘ఇంట్లో ఎవరికి జబ్బు?’ అంది నాంచారమ్మ,
నా సమాధానం వినకుండానే మెట్లు దిగిపోతూ.

తోక తిప్పడానికి కాళ్ళ కింద పెడల్ కావాలి.
కొత్తవి అడిగితే, ఆ ధరకి స్కూటరు ఇంజను విప్పి కట్టించొచ్చు.
నాంచారమ్మ కుట్టుమిషనుకి మోటారు పెట్టించాక
కింద ఊరికే ఉంటోంది కాళ్ళపలక.
అడిగాను.
‘ఇస్తాను. అడిగినప్పుడు మాత్రం మాట్లాడకుండా ఇవ్వాలి’ అంది.
అడ్డంగా తిప్పి బిగించాను.
ఇన్నేళ్ళ ఆమె పాదాల అరుగుదలలో
నా పాదాలు పట్టలేదు, కొంచెం పెద్దవి.

సీటుకి మెరూన్ రెక్సిను తొడిగింది సుభానీ,
బస్సు సీట్లకి కోయగా మిగిలిన ముక్కలతో.
కూలీ వద్దన్నాడు. ఒక్కసారి ఎక్కించమన్నాడు.
పక్కన వేసిన ప్లాస్టిక్ కుర్చీకి
తనే బెల్టు కుట్టుకుని తెచ్చుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం, కిటికీకి లారీ టార్పాలిన్ కట్టి
లేచాం.
కృష్ణ వచ్చింది, ఇస్త్రీ చేసిన నీలం గుడ్డలా.
బ్యారేజీ లేదు. కొండ లేదు.
‘మా షాపు చూపించు’ అన్నాడు.
వేలు పెట్టి చూపించాను.
అక్కడ ఉత్త పచ్చటి చాప పరిచి ఉంది.
ఎవరు గీశారో, మనల్ని గీయడం మర్చిపోయారు.
సుభానీ చాలాసేపు చూశాడు.
‘అంత ఖాళీ స్థలమే! పట్టా ఎవరి పేరున ఉందో కనుక్కో’

నవ్వుతూనే తిప్పాను, గన్నవరం వైపు.
గూడవల్లి మీద ఎనిమిది వందల అడుగులు.
దూరంగా రన్‌వే, సూదిలో దారమంత.
చక్రాలు దించే స్విచ్చు మీద వేలు పెట్టాను.
కరెంటు పోయింది.

ఫ్యాను ఆగే వరకూ ఎవరం మాట్లాడలేదు.
చీకట్లో రెక్సిను వాసన.
‘ఇప్పుడు మనం ఎక్కడున్నట్టు?’ అన్నాడు సుభానీ మెల్లగా.
తెలియదు.
పడిపోయినట్టు మాత్రం లేదు.

మెట్ల మీద చప్పుడు.
స్పానరుతో నాంచారమ్మ.
‘రాత్రికి పెళ్ళి జాకెట్లు ఆరు. కరెంటు ఎప్పుడొస్తుందో. పలక.’
మాట్లాడకుండా విప్పి ఇచ్చాను.

కాసేపటికి కింద మొదలైంది
టకటక, ఆగి, మళ్ళీ టకటక,
తర్వాత ఆగకుండా.
స్లాబు సన్నగా అదిరింది.
సీటు అదిరింది. మూతలు అదిరాయి.
సుభానీ బెల్టు మీదికి పోయిన చెయ్యి
వెనక్కి తీసుకున్నాడు.
నేను స్టిక్ వదల్లేదు.