ఉప్పు కాగితం

శుక్రవారం పొద్దున పదింటికి తెగింది.
ముందు చిన్న చిటపట,
ఆ వెంటనే నా చెవి పక్కనుంచి పిట్టలా ఎగిరి
రేకు గోడకు కొట్టుకుని పడింది పట్టా.
నా చేతిలో చేపల లతీఫ్ కత్తి,
సగం పదును, సగం మొండి.

వారంలో ఆరు రోజులు కంపెనీ పైపులవి.
ఈ ఒక్కరోజు నాది.
ముహర్రఖ్‌లో మా ఇంటాయన బూ రాషిద్ మేడమీద రేకుల గది,
అందులో ఆయన తమ్ముడు వదిలిపోయిన సాన మిషను.
ఏ దేశందో, ఏ ఏటిదో తెలీదు.
పేరు చెక్కిన రేకు మీద అక్షరం మిగల్లేదు,
సముద్రం నాకేసింది.

దర్జీల కత్తెరలు, సెలూన్ కత్తెరలు, కత్తిపీటలు,
ఒకసారి ఒక నర్సమ్మ తెచ్చిన పచ్చడి గరిటె కూడా
దీనిమీదే తళతళలాడింది.

దోమతెర తాడు విప్పి
రెండు చక్రాల చుట్టూ తిప్పి ముడేశాను.
రెండు మూరల మీద రెండు బెత్తెలు.
ఆ తాడు జేబులో పెట్టుకుని
అసర్ నమాజు అయ్యాక సల్మాబాద్ బస్సెక్కాను.

మొదటి కొట్టు కేరళ అబ్బాయిది.
తాడు వైపు చూడలేదు, కంప్యూటర్ వైపు చూశాడు.
"ఈ సైజు లేదు. తెప్పిస్తే వంద తీసుకోవాలి."
వంద పట్టాలు అరగదీసేంత ఇనుము
ఈ దీవిలో నాకెవరిస్తారు?

రెండో కొట్టులో ఉన్నవి రెండే రకాలు.
ఒకటి రెండు బెత్తెలు తక్కువ,
ఒకటి రెండు బెత్తెలు ఎక్కువ.
"సర్దుకో భాయ్" అన్నాడు.
జీతంతో సర్దుకున్నాను, మంచంతో సర్దుకున్నాను,
చక్రం సర్దుకోదు కదా.

మూడోది కొట్టు కాదు, పాలరాయి కోసే షెడ్డు వెనక సందు.
జర్వలీ అనే పఠాను,
కనుబొమల దాకా తెల్లటి రాతిపొడి.
తాడు తీసుకుని బల్లమీద పరిచాడు,
లాగి చూశాడు, ముడి దగ్గర గోరుతో నొక్కాడు,
"తడిసిన తాడు సాగుతుంది, అబద్ధమాడుతుంది" అని
ఒక వేలెడు తగ్గించాడు.
పెద్ద చుట్టలోంచి కోశాడు, ఏటవాలుగా.
"నేరుగా కోస్తే తిరిగిన ప్రతిసారీ టక్కుమని కొడుతుంది,
చెయ్యి అదురుతుంది."
జిగురు, పట్టీ, పాత ఇస్త్రీపెట్టె వేడి.
పట్టా వీపు మీద పెన్నుతో బాణం గీశాడు.
"తిప్పి వేశావో, అతుకు విడుస్తుంది."

తెగిన పాతదాన్ని చూపించాను.
ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.
"అరిగి తెగలేదు ఇది. మేకుకు తగిలించావా?
సముద్రపు గాలికి జిగురు ఊడింది."

కోరుట్లలో వడ్ల నర్సయ్య దీన్ని ఉప్పు కాగితం అనేవాడు.
ఆరేళ్లప్పుడు నాలుకతో తాకి చూశాను,
ఉప్పగా లేదని ఆయన్ని నిలదీశాను.
"పిచ్చోడా, పేరు మాత్రమే" అని నవ్వాడు.
బస్సులో ఎవరూ చూడకుండా
తెగిన అతుకు నాలుకకు తాకించాను.
నర్సయ్యా,
ఇక్కడిది నిజంగానే ఉప్పు.

ఐదు పట్టాలు, దీనారున్నర.
"చెమ్మ తగలని చోట దాచు" అని మరీ మరీ చెప్పాడు జర్వలీ.
మా గదిలో చెమ్మ తగలని చోటు ఏది?
పాస్‌పోర్టు జిరాక్సులకే బూజు పట్టింది.
వెతికి వెతికి
బియ్యం డబ్బాలో పెట్టాను, అడుగున.

రాత్రే మిషను వేశాను.
టక్కుమనలేదు. ఒకటే పారుడు, కాలవ నీళ్లలా.
లతీఫ్ కత్తి రెండో సగం వెలుగులోకి వచ్చింది,
బొటనవేలి వెంట్రుక దానంతటదే రాలింది.

ఆదివారం రాత్రి కంచం ముందు
రాజలింగు నమలడం ఆపి,
కళ్లు మూసి, దవడ పట్టుకుని,
చాలాసేపటికి అన్నాడు:
"అన్నంల ఏం కలిపినవ్ రా?"