నల్ల తీగ

ఎడమ ఇండికేటర్ వేస్తే
కుడి వెనక దీపం కన్ను కొడుతోంది.
బ్రేకు తొక్కితే డ్యాష్‌బోర్డు వెలుగుతోంది.
రివర్స్ వేస్తే నంబరు ప్లేటు బల్బు
ఎవరో పిలిచినట్టు మినుకుమంటోంది.
ఓఆర్ పద్దెనిమిది పికప్పు,
ఇరవై రెండేళ్ల ముసిల్ది,
దయ్యం పట్టిందన్నాడు క్లీనరు తవిటయ్య.

గుణుపురం రైలుగేటు దాటాం. రాత్రి పదకొండు.
డాలాలో ముప్పై రెండు బస్తాల వంకాయ
తెల్లారేలోగా కొత్తూరులో దిగాలి.
బత్తిలి దగ్గర పోలీసు టార్చి
ముందు బండి దీపాలు చూస్తుంది, తర్వాతే మనిషిని.

సుదామ్ సబర్ షెడ్డు తలుపు కొట్టాను.
లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు,
చేతికి ఇంకా పఖాళ అన్నం తడి.
ఫ్యూజులు పీకి ఒక్కొక్కటే వెలుగుకి పట్టి చూశాడు.
ఒకదానికి సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టి ఉంది.
"ఇదెవుడి తెలివి?"
నాదే. చెప్పలేదు.
కొత్తది, పది ఆంపియర్లది పెట్టాడు. మార్పు లేదు.
బల్బు మార్చాడు. లేదు.
స్విచ్చి వెనక ఎలక కొరికిన చోట టేపు చుట్టాడు.
దానికీ దీనికీ సంబంధం లేదట,
కళ్లబడింది కాబట్టి చుట్టాడట.

అతని టెస్టు లైటంటే
ఓ పాత మోటార్‌సైకిల్ బల్బు, రెండు తీగలు,
గోనెలు కుట్టే దబ్బనం.
ఒక కొస చాసీకి కరిపించి
దబ్బనం హోల్డర్లో గుచ్చాడు. వెలిగింది.
"కరెంటు వొస్తంది బావూ, గుమ్మం దాకా వొస్తంది.
తిరిగెల్లడానికే దారి నేదు.
దారి నేనోడు ఏటి సేస్తాడు?
పక్కోడి పెరట్లోంచి పోతాడు.
అందుకే నువ్వు ఎడమంటే అది కుడంటంది."

బండి కింద వెల్లకిలా దూరి
నల్ల తీగ వెంబడి వేలు పోనిచ్చాడు,
నంబరు ప్లేటు దాటి, ఎడమ మూల బోల్టు దాకా.
గోటితో గీకి నవ్వాడు.
"మాటి నాహి."

మట్టి లేదు.
పద్మపూర్ కొండల నుంచి
రోడ్డంతా ఒంటికి పూసుకొచ్చిన బండికి
మట్టి లేదు.

బోల్టు కింద నీలం రంగు, మందంగా, నున్నగా.
"ఎవుడు పూసినాడు?"
రథయాత్రకి ముందు నేనే పూయించాను,
పర్లాకిమిడి పెయింటరు చేత.
వెనక డాలా మీద అప్పట్లో రెండు పేర్లుండేవి,
తెలుగులో నాది, ఒడియాలో దండపాణి గంతాయత్‌ది.
సగం సగం డబ్బు, సగం సగం డీజిలు,
ఘాట్‌లో ఒకడు కునుకు తీస్తే ఒకడు స్టీరింగు.
పదకొండు వేల లెక్క దగ్గర
ఎవరిది తప్పో ఇప్పటికీ తేలలేదు.
ఒక్క పేరే చెరిపితే బాగుండదని
రెండూ కప్పించేశాను.
పెయింటరు బోల్టు విప్పి, పూసి, మళ్లీ బిగించాడు.
పనిమంతుడు. ఎక్కడా ఖాళీ వదల్లేదు.

సుదామ్ గరుకు కాగితం మడతపెట్టి రుద్దాడు.
నీలం పోయింది, కింద పసుపు,
పసుపు మీద ఎర్రటి వంపు ఒకటి.
అతని పేరులోదో, నా పేరులోదో.
రెండు లిపులూ గుండ్రమే,
ఆ కాస్త ముక్కలో పోల్చుకోలేకపోయాను.
పోల్చుకునేలోగా అదీ పోయింది.
రూపాయి బిళ్లంత ఇనుము తెల్లగా బయటపడింది.
తీగ పెట్టి, బిగించి, పైన గ్రీజు మెత్తాడు.
"ఇక్కడ మాత్రం మళ్లీ రంగేయకు."
నూటయాభై అడిగి నూట ఇరవైకి ఒప్పుకుని
రెండు కిలోల వంకాయ ఏరుకున్నాడు.

బత్తిలిలో టార్చి లేవనే లేదు.
కొత్తూరులో కిలోకి రెండు రూపాయలు పడిపోయి ఉంది ధర.
బస్తాలు దిగాక
తవిటయ్య వెనక నిలబడి అరుస్తున్నాడు,
బ్రేకు, ఎడమ, కుడి, మళ్లీ ఎడమ.
చాల్లే అన్నాడు కాసేపటికి.
నేనింకా తొక్కుతూనే ఉన్నాను.